కుట్టక్క పరిచిన నీడ

పొద్దున్నే కుళాయి ఆగిపోయేలోపు నీళ్ళు పట్టుకోవాలి, పొయ్యి పని ముగించుకోవాలి, బస్‌స్టాపుకి వెళ్ళి నీడ పరిచి రావాలి. ఆ మూడూ అయ్యాకే కుట్టక్క కుట్టుమిషను ముందు కూర్చునేది.

ఎండ ఇంకా ఏటవాలుగా ఉన్నప్పుడే వెళ్ళేది. అప్పుడైతే నీడ పొడుగ్గా ఉంటుంది, ఎక్కువమందికి సరిపోతుంది. స్టాపు దగ్గర రోడ్డంచున కూర్చుని, బిగుతు చెప్పు విప్పినట్టు, మడమల దగ్గర అటూ ఇటూ కదిపి నీడను ఊడదీసేది. కుట్టక్క వెడల్పాటి మనిషి. ఆమె నీడ ఇంకా వెడల్పు. దాన్ని ముడతల్లేకుండా దులిపి నేల మీద పరిచి, లారీల గాలికి లేవకుండా మూలల్లో ఇటుకలు పెట్టేది. పరిచిన నీడ మీద మనిషెత్తు దాకా చల్లదనం నిలుస్తుంది. గిడ్డంగుల్లో పనికి పోయేవాళ్ళంతా అందులో దగ్గర దగ్గరగా సర్దుకుని నిలబడి బస్సు కోసం చూసేవాళ్ళు.

"అక్కా, రేపు కాస్త ఇటు జరిపి పరుచు. చివర్న ఉన్నవాళ్ళకి అందట్లేదు" అనేవాళ్ళు.

"చివరికి నిలబడమని ఎవరు చెప్పారు? పెందలాడే రండి" అనేది కుట్టక్క. మర్నాడు జరిపే పరిచేది.

పొద్దు వాలాక వెళ్ళి మడిచి తెచ్చుకునేది. దాని నిండా చెప్పుల ముద్రలు, ఉమ్ములు, నమిలి పారేసిన బబుల్‌గమ్ము, సిగరెట్టు కాల్చిన చిల్లులు. తొట్లో వేసి జాడించి, పిండి, చిల్లులుంటే నల్లదారంతో రఫ్ఫు చేసి, మళ్ళీ కాళ్ళకు తగిలించుకునేది. అందుకే ఆమె నీడను పరకాయించి చూస్తే అక్కడక్కడా అతుకులు కనపడేవి.

ఆ రోడ్డు మీద ఒకప్పుడు రెండువైపులా చెట్లుండేవి. గిడ్డంగులకు లారీలు రావాలని రోడ్డు వెడల్పు చేసినప్పుడు అన్నీ కొట్టేశారు. మళ్ళీ నాటుతామన్నారు. మాటలైతే నాటారు. కుట్టక్క మొగుడు గిడ్డంగిలో బస్తాలు మోసేవాడు. ఒక వేసవిలో ఆ స్టాపులోనే బస్సు కోసం నిలబడి నిలబడి, కరెంటు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారు అందరూ. బస్సొచ్చాక లేపబోతే లేవలేదు. ఆస్పత్రిలో 'గుండె ఆగడం వల్ల' అని రాసిచ్చారు.

"చచ్చిపోయినవాడికి గుండె ఆగక ఇంకేం ఆగుతుంది?" అని అతని చెల్లెలు ఆ కాగితం ఇచ్చినాయన మొహం మీదే అడిగింది. ఆ పిల్లని ఇంట్లో గిలక అంటారు, నోరు మూతపడదని. ఆమె కూడా గిడ్డంగిలోనే, డబ్బాలు కట్టే పని. అన్న పోయినా వదినను వదల్లేదు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. అన్న పోయిన కొన్నాళ్ళకే కుట్టక్క స్టాపులో నీడ పరవడం మొదలుపెట్టింది. ఎందుకు పరుస్తున్నావని ఎవరూ అడగలేదు. రోజూ అదే స్టాపులో గిలక కూడా నిలబడాలి కదా.

నీడ లేని ఒంటి మీద ఎండ ఎక్కువసేపు ఉంటుంది. ఇంట్లోకొచ్చినా దిగదు. కుట్టక్క మెడ మీద చర్మం ఊడొచ్చేది. రెండు కాళ్ళూ నీళ్ళ బకెట్లో పెట్టుకుని మిషను కుట్టేది.

"వదినా, నీ నీడలో నిలబడ్డా నువ్వు పక్కనే ఉన్నట్టుంటుందే. 'జడ సరిగ్గా వేసుకో, నడుం నిటారుగా పెట్టు' అని లోపల్నుంచి నస పెడుతుంటుంది" అనేది గిలక.

"దానికైనా నీ మీద శ్రద్ధ ఉంది. సంతోషించు."

ఇలా నడుస్తుండగా యూనివర్సిటీ నుంచి ఒకమ్మాయి వచ్చింది. వీపున సంచీ, చేతిలో వేడి కొలిచే తెల్లపెట్టెలు. ఇంటింటికీ తిరిగి, ఎండ ఎవరిని ఎక్కువ కాలుస్తోందో, ఎందుకు కాలుస్తోందో తేల్చడానికి వచ్చామని చెప్పింది. "మీ మీద పరిశోధన కాదండీ. మీతో కలిసి పరిశోధన" అంది.

"మాతో కలిసా? అయితే ముందు మాతో కలిసి బస్సెక్కు" అంది గిలక.

ఎక్కింది. వారం పాటు వాళ్ళతోనే స్టాపులో నిలబడింది, వాళ్ళతోనే వేలాడుతూ వెళ్ళింది, వాళ్ళతోనే తిరిగొచ్చింది. కుట్టక్క నీడ మీద నిలబడేముందు చెప్పులు విడిచింది కూడా. అది చూసి కుట్టక్క మనసు కాస్త మెత్తబడింది. వాడంతా ఆ అమ్మాయిని 'పరిశోధన పిల్ల' అని పిలవడం మొదలుపెట్టారు.

కుళాయి దగ్గరో పెట్టె, బడి గోడకో పెట్టె, కుట్టక్క మిషను పక్కనో పెట్టె, స్టాపులో స్తంభానికో పెట్టె. వాడలో ఆడవాళ్ళే వంతులేసుకుని వాటిని చూసి రాసేవాళ్ళు. సాయంత్రాలు కుట్టక్క ముందుగదిలో గుడ్డముక్కలు ఓ పక్కకి నెట్టి కూర్చునేవాళ్ళు. ఏం అడగాలో అందరూ కలిసే తేల్చారు. స్టాపుకి పైకప్పు కావాలి. రోడ్డు పొడుగునా చెట్లు కావాలి. తాగే నీళ్ళ కుళాయి కావాలి.

"ఇంతేనా? ఇంకేమైనా ఉందా?" అంది పరిశోధన పిల్ల.

"ఇవిచ్చాక మిగతావి అడుగుతాం. ముందే భయపెట్టడమెందుకు" అంది గిలక. అందరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత కుట్టక్క కూడా నవ్వింది.

అలా నవ్వి నమ్మడమే తన కొంప ముంచిందని తర్వాత అనుకుంది.

నగర కార్యాలయంలో సమావేశం పెట్టారు. చల్లని గది, మెత్తని కుర్చీలు. పరిశోధన పిల్లకి పైన పెద్దసారుగా ఒక ప్రొఫెసరు గారున్నారు. అప్పటిదాకా వాడలో కాలు పెట్టినవారు కాదు, ఆ రోజు మాత్రం ముందువరసలో కూర్చున్నారు. రోడ్ల ఇంజినీరు బల్లకి అవతల కూర్చున్నాడు. గోడ మీద వాడ మ్యాపు వేశారు. వాడంతా ఎర్రగా, పుండులా ఉంది. మధ్యలో ఒక్కచోట మాత్రం చిన్న నీలం చుక్క.

"అదేమిటి?" అన్నాడు ఇంజినీరు.

"బస్‌స్టాపు" అంది పరిశోధన పిల్ల. చెప్తూనే ఆమె మొహం పాలిపోయింది.

ఇంజినీరు కళ్ళజోడు సవరించుకున్నాడు. "పైకప్పు అడుగుతున్నది ఈ స్టాపుకేనా? మరి మీ లెక్క ప్రకారం వాడ మొత్తంలో చల్లగా ఉన్నది అదొక్కటేగా! నీడ లేని స్టాపులకి ముందు పైకప్పు వెయ్యాలని మాకు నిబంధన. మీది చిట్టచివరి వరసలోకి వెళ్తుంది."

"అక్కడున్నది అక్క నీడ సార్. ఆవిడ రోజూ పరుస్తుంది" అంది పరిశోధన పిల్ల.

"ఎవరి నీడైతేనేం అమ్మా, నీడ నీడే."

ప్రొఫెసరు గారు లేచి నిలబడ్డారు. అడ్డుపడతారనుకుంది కుట్టక్క. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "నిజానికి మా అధ్యయనంలో తేలిన గొప్ప విషయం ఇదే. ఎవరి మీదా ఆధారపడకుండా ఈ వాడ తన నీడ తానే సమకూర్చుకుంది! ఇది మిగతా వాడలకి ఆదర్శం. నివేదికలో దీనికొక అధ్యాయమే కేటాయించాం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజినీరు కూడా కొట్టాడు. "వాడకొక ఇలాంటి అక్క ఉంటే మా పని సగం తగ్గిపోతుంది" అని నవ్వాడు.

కుట్టక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

"నా మొగుడు చచ్చిన చోట నీడ పరుచుకుంటున్నానయ్యా నేను! మీరు చెట్లు కొట్టేసిన చోట! మీరు చెయ్యాల్సిన పని నా ఒళ్ళు కాల్చుకుని చేస్తుంటే, చేస్తున్నాను కాబట్టి ఇక మీరు చెయ్యక్కర్లేదంటారా?"

"ఆవేశపడకండమ్మా" అన్నాడు ఇంజినీరు. ఆయన గొంతులో కోపం లేదు, అదే ఇంకా మండించింది. "ఎలాగూ రోజూ పరుస్తూనే ఉన్నారుగా. ఇప్పుడు కొత్తగా మీకొచ్చిన నష్టమేముంది?"

తిట్లన్నీ ఒక్కసారి గొంతు దాకా వచ్చి, ఏది ముందు పోవాలో తెలియక అక్కడే ఇరుక్కుపోయాయి. గిలక ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

మెట్ల దగ్గర పరిశోధన పిల్ల పరిగెత్తుకొచ్చింది. "అక్కా, ఆ పెట్టె నీడలోనే పెట్టాలని మాకు నేర్పారు. స్టాపులో ఉన్న నీడ మీదొక్కటే. అది ఎవరిదో, ఎలా వచ్చిందో నేను ఆలోచించలేదక్కా."

"ఆలోచించడానికేగా నిన్ను అంత చదివించింది!" అంది కుట్టక్క. వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు కుట్టక్క నీడ పరవలేదు. కాళ్ళకి తగిలించుకునే మిషను ముందు కూర్చుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత పట్టపగలు ఆమె ఒళ్ళు చల్లగా ఉంది. ఆ చల్లదనం ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. స్టాపులో జనం ఎండలో నిలబడ్డారు. గొడుగులు తెచ్చుకున్నవాళ్ళ గొడుగులు లారీ గాలికి తిరగబడి పుల్లలు పుల్లలుగా విరిగాయి. సాయంత్రానికి వాడ రెండుగా చీలింది.

"ఆఫీసరు మీద కోపం మా నెత్తిన చూపిస్తుందా?" అని కొందరు.

"ఇన్నాళ్ళూ పరిచింది కదా, ఒక్కసారైనా ఆమె మెడ వంక చూశారా?" అని కొందరు.

కుట్టక్క రెండూ విన్నది. రెండు మాటలకీ కోపమే వచ్చింది. ఇంకా ఒకటి రెండు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం స్టాపులో పడిపోయిన గిలకని ఇద్దరు మోసుకొచ్చారు. కళ్ళు తేలిపోయాయి, పెదాలు పొడిబారిపోయాయి. గడపలో పడుకోబెట్టి తడిగుడ్డ వేసి, నీళ్ళు తాగించి విసురుతుంటే కాసేపటికి కళ్ళు తెరిచింది. కుట్టక్క అప్పటికే నేల మీద కూర్చుని మడమల దగ్గర నీడ లాగుతోంది.

"ఏం చేస్తున్నావు?" అంది గిలక.

"పరిచొస్తా. నాకు పట్టుదలెందుకే? ఒకణ్ణి పోగొట్టుకున్నది చాలు."

గిలక ఆమె కొంగు పట్టుకుంది. ఎప్పుడూ గలగలమనే పిల్ల, ఒక్కో మాటా తవ్వి తీసినట్టు చెప్పింది. "పరవకు వదినా. నువ్వు పరిస్తే వాళ్ళు ఇంకో మ్యాపు గీస్తారు, ఇంకోసారి చప్పట్లు కొడతారు. నువ్వు పోయాక? నీ తర్వాత ఎవరిది ఊడదీస్తారు, నాదా? మా అన్న చచ్చిపోతే ఒక కాగితమిచ్చారు. నువ్వు బతికుంటే చప్పట్లిస్తున్నారు. నాకు వాళ్ళిచ్చేవేవీ వద్దు. పైకప్పు కావాలి."

కుట్టక్క సగం ఊడిన నీడను మళ్ళీ మడమలకి నొక్కి పెట్టుకుంది.

గిలకే మర్నాడు పడుతూ లేస్తూ ఇంటింటికీ తిరిగింది. ఆమె నోరంటే వాడకి భయం, ఆమె పడిపోవడమంటే ఇంకా భయం. వయసు పైబడ్డవాళ్ళని, కడుపుతో ఉన్నవాళ్ళని ఎండ ఎక్కకముందే వెళ్ళే బస్సుకి పంపేలా, మిగతావాళ్ళు ఒకరికొకరు నీళ్ళందించుకునేలా మాట్లాడుకున్నారు. అక్క నీడ మాత్రం పరవకూడదు. ఈసారి అది అందరి మాట.

ఆ సాయంత్రమే పరిశోధన పిల్ల వచ్చింది. సంచీలో పెట్టెలున్నాయి. గడప బయటే నిలబడింది.

"మళ్ళీ కొలుద్దామక్కా, నీడ లేకుండా. మా సారుకి చెప్పాను. నివేదిక ఇచ్చేశాం, ఇప్పుడు మార్చితే పరువు పోతుందన్నారు. మార్చేట్టయితే ఆయన దగ్గర నాకు చోటుండదట."

"మరి?"

"చోటు వదిలేశాను."

కుట్టక్క ఆమెని ఎగాదిగా చూసింది. కోపం పోలేదు. కానీ గుడ్డముక్కలు జరిపి కూర్చోమని చోటు చూపించింది.

మళ్ళీ కొలిచారు. ఆ స్తంభం దగ్గరే, ఆ మనుషులే. నీలం చుక్క ఉన్నచోట వాడ మొత్తానికీ లేనంత ఎరుపు తేలింది. అది పట్టుకుని పనిలేని పూట అందరూ నగర కార్యాలయానికి వెళ్ళారు. రేపు రమ్మంటే రేపు వెళ్ళారు, ఎల్లుండంటే ఎల్లుండి వెళ్ళారు. నడవాలో బారుగా కూర్చున్నారు. ఇంజినీరు అన్నానికి వెళ్ళాలన్నా, చేతులు కడుక్కోవాలన్నా వాళ్ళని దాటుకునే వెళ్ళాలి. చివరికి ఆయన, "సరే, నేనే వచ్చి చూస్తా. చాలా?" అన్నాడు.

వచ్చాడు. ఎండ నడినెత్తి నుంచి కాస్త జారిన వేళ. కారు దిగి, అయిదు నిమిషాల్లో వెళ్ళిపోదామని డ్రైవరుని తిప్పుకురమ్మన్నాడు. కారు లారీల వరసలో ఇరుక్కుపోయింది. స్టాపులో యాభైమంది దాకా ఉన్నారు.

"రిపోర్టులో రాసిన నీడేది?" అన్నాడు.

"ఇదిగో" అంది కుట్టక్క. ఆమె నీడ అందరి నీడల్లాగే కాళ్ళ కింద ముడుచుకుని ఉంది.

"పరవండి మరి."

"పరవను."

ఆయన నవ్వబోయాడు, ఎవరూ నవ్వకపోయేసరికి మానేశాడు. చేతిరుమాలు తీసి నెత్తిన వేసుకున్నాడు. కారు కోసం చూశాడు. బస్సు కోసం కూడా చూశాడు. ఏదీ రాలేదు. తారు మెత్తబడి బూట్లు అంటుకుంటున్నాయి. గిలక ఒక గ్లాసు నీళ్ళు తెచ్చిచ్చింది. తాగాడు.

"రోజూ ఇంతసేపు నిలబడతారా?" అని అడిగాడు ఆఖరికి.

"ఈరోజు కాస్త నయం. మీరొచ్చారని గాలి వీస్తోంది" అంది గిలక.

కారు వచ్చింది. ఆయన ఒక్కో బూటూ బలంగా పీకి, గబగబా ఎక్కి తలుపేసుకున్నాడు. బూట్లు వచ్చాయి. నీడ రాలేదు. స్తంభం పక్కన తారుకి కరుచుకుని ఉండిపోయింది, పొట్టిగా, నెత్తిన రుమాలుతో సహా. జనం అది చూశారు. అంతలో బస్సొచ్చింది, ఎక్కేశారు.

రెండు రోజులకి ఇంజినీరు ఆటోలో వచ్చాడు. మెడ కందిపోయి ఉంది. చల్లగది, పంకా, మంచునీళ్ళు, దేనికీ ఒంటి మీది ఎండ దిగలేదట. నేరుగా వెళ్ళి స్తంభం పక్కన తన నీడలో కూర్చున్నాడు, గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ నీడ ఒక్క మనిషికే సరిపోతుంది. చుట్టూ జనం ఎండలో నిలబడి, కింద చల్లగా కూర్చున్న ఆయన వంక చూస్తూ చెమటలు తుడుచుకున్నారు. ఆయన కాసేపు నేల చూపులు చూశాడు. తర్వాత రోజూ రావడం మొదలుపెట్టాడు. ఫైళ్ళు తెచ్చుకుని అక్కడే సంతకాలు పెట్టేవాడు. జనం అలా చూస్తూనే ఉండేవాళ్ళు. ఒకరోజు ఒక ముసలామె ఆయన పక్కనే సొమ్మసిల్లితే లేచి ఆమెకి చోటిచ్చి, ఎండలో నిలబడ్డాడు. ఆ సాయంత్రం కుట్టక్క ఇంటికొచ్చాడు.

"నీడ ఊడదీయడం మీకు తెలుసట. నాది తీసిపెడతారా అమ్మా?"

కుట్టక్క మిషను ఆపలేదు. "పైకప్పు వేయండి."

"పైకప్పు పడితే ఆ నీడలో నాది కలిసిపోతుంది. ఇక ఏది నాదో ఎవరికి తెలుస్తుంది? ముందు తీసివ్వండి, తర్వాత తప్పకుండా వేయిస్తాను. మాటిస్తున్నాను."

మిషను ఆగింది.

"చెట్లు కొట్టేటప్పుడూ మాటిచ్చారు. నా మొగుడు ఆ మాట పట్టుకునే ఆ స్తంభానికి ఆనుకున్నాడు." ఆమె గొంతు పెరగలేదు. "ఎలాగూ ఊడిపోయింది కదయ్యా. ఇప్పుడు కొత్తగా నీకొచ్చిన నష్టమేముంది?"

ఆయన తలెత్తి చూశాడు. ఆ మాట ఎవరిదో ఆయనకి తెలుసు. గడప దిగి వెళ్ళిపోయాడు. వెళ్ళాక కుట్టక్కకి ఆ రాత్రి అన్నం సయించలేదు. జాలి కాదు. జాలిపడమని లోపల ఏదో పోరుతుంటే దాని మీద కోపం.

పైకప్పు మంజూరైంది. ఇన్నేళ్ళలో కదలని కాగితం పది రోజుల్లో కదిలింది. సంతకం ఆ ఇంజినీరుదే. స్తంభాలు పాతి రేకులు బిగించే రోజున ఆయన కూడా వచ్చి నిలబడ్డాడు. చివరి రేకు పడేదాకా తన నీడ వంకే చూశాడు. రేకు పడింది. పెద్ద నీడలో చిన్న నీడ ఎక్కడుందో మరి కనపడలేదు. జనం కింద బెంచీల మీద చేరి ఈలలు వేశారు.

"వచ్చింది చూశావా వదినా!" అంది గిలక.

"మనం చస్తే రాలేదు, అతగాడికి ఒళ్ళు మండితే వచ్చింది" అంది కుట్టక్క. సంతోషం లేకపోలేదు. కానీ ఆ రేకుల్ని చూసినప్పుడల్లా ఇంత సులువైన పని కోసం ఒక మనిషి చచ్చిపోయాడని గుర్తొచ్చి పళ్ళు కొరుక్కునేది.

యూనివర్సిటీ నివేదిక అచ్చయింది, నీలం చుక్కతో సహా. దానికి పోటీగా పరిశోధన పిల్లా వాడ ఆడవాళ్ళూ కలిసి ఇంకోటి రాశారు. దాని మీద అందరి పేర్లూ ఉన్నాయి. పక్కవాడ వాళ్ళొచ్చి పెట్టెలు అడిగి తీసుకెళ్ళారు. ఆ అమ్మాయి ఇప్పుడు అక్కడ తిరుగుతోంది, ప్రతి గడప ముందూ చెప్పులు విడిచి.

ఇంజినీరుకి ఈ ఊళ్ళో చల్లగా ఉండే చోటు ఆ స్టాపు ఒక్కటే. రోజూ వచ్చి బెంచీ చివర కూర్చుంటాడు. ఎక్కడికి బదిలీ చేసినా వెళ్ళనన్నాడు. బట్టల మూట తీసుకుని వచ్చే కుట్టక్క, ఆయన్ని చూడగానే పలకరింపులేమీ లేకుండా అడుగుతుంది.

"చెట్లు?"

"ఫైలు పైకి పంపానమ్మా."

"నీళ్ళ కుళాయి?"

"గుంత తవ్వుతున్నారు. వచ్చే వారం."

"రేపు మళ్ళీ అడుగుతా."

"అడగండి" అంటాడు ఆయన, కాస్త జరిగి ఆమె మూటకి చోటిస్తూ. "నేను ఇక్కడే ఉంటాను."